విరిగిన తొట్టి, విరగని తొట్టి

మొన్న సంతలో గూడెం కొత్తవీధి వైపు నుంచి వచ్చిన ఒకాయన నన్ను ఆపాడు. మంచి వయసులో ఉన్న రైతు. పక్కన ఒక పికప్ బండి నిలబెట్టి ఉంది. కొందామా వద్దా అని చూడ్డానికి తెచ్చుకున్నాడు.

"తాతా, బళ్ళ సంగతి నీకు బాగా తెలుసంట. ఎనకాల తొట్టి కట్టుకుని కొండెక్కాల. ఒకటిన్నర టన్ను బండి సాలతాదా, రెండు టన్నులది తీసీమంటావా?"

ఈ టన్నుల మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బండి వీపు మీద ఎంత బరువు పెట్టొచ్చో ఆ టన్నులు చెబుతాయి. వెనకాల తగిలించిన తొట్టిని ఎంత బరువుదాకా ఈడుస్తుందో చెప్పవు. కంపెనీవాళ్ళకి ఈ సంగతి తెలుసు, షోరూంలో టై కట్టుకున్నవాళ్ళకి తెలుసు, కొనేవాడికి మాత్రం ఎవరూ చెప్పరు. మనిషి ఎంత తింటాడో చెప్పి, ఎంత పని చేస్తాడో నువ్వే ఊహించుకో అన్నట్టుంటుంది వ్యవహారం. ఇది నేను పాతికేళ్ళుగా అరుస్తున్న అరుపు. మామూలుగా అయితే అక్కడే, ఉల్లిపాయల కుప్పల మధ్య నిలబడి, పూర్తి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

కానీ నా కాళ్ళు ఉపన్యాసానికి నిలబడలేదు. బండి చుట్టూ తిరిగి వెనక్కి నడిచాయి. వెనక బంపరు ముందు ఆగాయి. ఆ నడక నాది కాదు, ఒక మనిషి దగ్గర అంటుకున్నది. ఆ మనిషి పోయిన వానల్లో పోయింది.

అందరూ ఆమెని అప్ప అనేవారు. మా వైపు అప్ప అంటే అక్క. నాకంటే బాగా చిన్నదే, అయినా నేనూ అప్పా అనే పిలిచేవాణ్ణి. అలా పిలవకుండా ఆమెతో మాట మొదలుపెట్టడానికి ధైర్యం చాలేది కాదు. కొండ మీద ఊరు. ముక్కుకి మూడు పుడకలు, నోట్లో అడ్డపొగ. అడ్డపొగ అంటే తెలియని పట్నంవాళ్ళ కోసం చెబుతున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. నిప్పు నోట్లో ఉంచుకునే ఆమె మాట్లాడేది, బేరమాడేది, తిట్టేది, నవ్వేది. ఏదైనా తేలకపోతే చుట్టని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి తిప్పేది. చుట్ట తిరిగిందంటే ఎదుటివాడు కాసుకోవాలి.

బండిని ఎప్పుడూ ముందు నుంచి చూసేది కాదు. ఎంత మెరిసే బండైనా సరే, దాని మొహం వంక చూడకుండా తిన్నగా వెనక్కి పోయేది.

"మొకం ఎవుడిదైనా బాగానే ఉంటాది బావూ. పెల్లిసూపులకి మొకం కడుక్కునే వత్తారు. ఎనక ఎవుడు కడుగుతాడు?" అనేది.

వెనక్కి పోయి, కిందికి వంగి, ఇరుసు చూసి, బంపరు మీద దబ్బున కూలబడేది. బండి కాస్త దిగి మళ్ళీ లేస్తే "ఊఁ, ఊపిరుంది" అనేది. అసలు దిగకపోతే "మొండిది". దిగి లేవకపోతే "ముసిల్ది". ఆమె పరీక్ష అంతే. ఆ పరీక్షలో మా అరకు బస్టాండులో ఉన్న జీపులన్నీ ఎప్పుడో ఒకప్పుడు తప్పాయి. డ్రైవర్లు ఆమె వస్తుంటే బండి వెనకభాగం గోడకి ఆనించి పెట్టేవారు.

ఇవన్నీ విని ఆమెకి బళ్ళ గురించి ఏదో గొప్ప జ్ఞానం ఉందనుకోకండి. లేదు. తెల్ల బండి డీజిలు తక్కువ తాగుతుందని నమ్మేది. హారను గట్టిగా ఉంటే బ్రేకు బలహీనంగా ఉంటుందనేది, "అరిసే కుక్క కరుత్తాదేటి?" అని. రేడియేటర్ అంటే బండి తాగడానికి పెట్టుకున్న నీళ్ళకుండ అనేది. నేను కాగితం మీద బొమ్మ గీసి, నీళ్ళు ఎటునుంచి ఎటు తిరుగుతాయో చెబితే ఓపిగ్గా వినేది. విని, "నువ్వు సదువుకున్నోడివి, నీకలగే అనిపిత్తాది" అనేది.

నా చదువు ఐదో తరగతి. తక్కినదంతా స్పేరుపార్టుల కొట్లో, అట్టపెట్టెల మీది అచ్చు చదివి నేర్చుకున్నది. ఇంగ్లీషు కూడా అలాగే. బేరింగు పెట్టెల మీద ఎంత ఇంగ్లీషు ఉంటుందో అంతా నాకు వచ్చు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ముందు ముందు ఈ ఇంగ్లీషు దగ్గరే ఒక గొడవ ఉంది. అందులో నా తప్పు లేదని నేను ఇప్పటికీ అంటాను.

అప్ప నా కొట్టుకి రావడం కాఫీ పళ్ళ వల్ల మొదలైంది.

కాఫీ పండుని కోసిన రోజే తొక్క తీయాలి. కోసిన పళ్ళు గోనెలో ఉండిపోతే వేడెక్కుతాయి, పులుస్తాయి. అప్ప ఊరి చుట్టూ ఉన్న చిన్న చిన్న ఊళ్ళ నుంచి పళ్ళు కిందికి దిగేసరికే పులిసిపోయేవి. షావుకారు గోనె మూతి విప్పి, ముక్కు మూసుకుని, తన ఇష్టమొచ్చిన ధర చెప్పేవాడు. పళ్ళు కిందికి రాలేకపోతే తొక్కతీసే మిషనే పైకి రావాలని ఆడవాళ్ళ సంఘం అడగ్గా అడగ్గా, ఏదో ఆఫీసువాళ్ళు ఒక మిషను ఇచ్చారు. రెండు చక్రాల తొట్టి మీద బిగించి, నీళ్ళ డ్రమ్ముతో సహా ఇచ్చారు. ఊరూరా తిప్పుకోండి అన్నారు. దేనితో తిప్పుకోవాలో చెప్పలేదు. ఎడ్లబండి ఇచ్చి ఎడ్లని మరిచిపోయే తెలివి చదువుకున్నవాళ్ళకి తప్ప మరొకరికి రాదు.

మొదటి ఏడు మిషను టార్పాలిన్ కింద నిద్రపోయింది. పళ్ళు పోసే గరాటులో అప్ప కోడిపెట్ట గుడ్లు పెట్టి పొదిగింది. ఆఫీసువాళ్ళు వచ్చి చూశారు. చూసేసరికి కోడి కోపంగా వాళ్ళ వంక చూసింది. "వచ్చే పంటకీ ఇది తిరక్కపోతే వేరే ఊరికి పట్టుకుపోతాం" అని చెప్పి వెళ్ళారు. అది పోతే మళ్ళీ షావుకారు, మళ్ళీ మూసిన ముక్కు. కొన్ని ఊళ్ళవాళ్ళు అప్పుడే విసుగెత్తి, రాబోయే పళ్ళని చెట్టు మీదుండగానే అమ్మేద్దామంటున్నారు. మిషను అడిగి తెచ్చింది అప్ప. అందుకని మాట పడుతున్నదీ అప్పే.

ఆ మర్నాడే మా కొట్టు ముందు ప్రత్యక్షమైంది. సంఘం ఒక పికప్ బండి కొనాలనుకుంటోంది. ఏ బండి?

"అప్పా, ముందు ఒకటి అర్థం చేసుకో. మోసే బరువు వేరు, ఈడ్చే బరువు వేరు" అని నేను మొదలుపెట్టాను.

"నా మనవరాల్ని సంకనేసుకుంటే బరువు. నా కొంగట్టుకుని ఎనకాల వత్తే బరువు కాదేటి?"

"రెండూ బరువే. కానీ..."

"కొంగట్టుకున్నదే ఎక్కువ బరువు బావూ. సంకలోది నాను ఎల్లినకాడికి వత్తాది. కొంగట్టుకున్నది దానికి ఇష్టమొచ్చినకాడికి ఎల్తాది."

దీనికి నేను ఏదో శాస్త్రీయమైన జవాబు చెప్పే ఉంటాను. ఇప్పుడు గుర్తు లేదు.

విశాఖ నుంచి బళ్ళ కంపెనీ మనిషి వచ్చాడు. టై కట్టుకున్నాడు. కొండ మీద ఆ ఎండలో మెడకి అది ఎందుకో నాకూ అర్థం కాలేదు. అప్ప మాత్రం పైకే అడిగేసింది, "ఆ మెడ్లో పలుపేటి నాయినా, తెంచుకుని పారిపోతావనేటి?" అని. ఆ రోజు నుంచి అతను టైబావు. పాపం, మంచివాడు. మూడు రకాల బళ్ళున్నాయన్నాడు: చిన్నది, నడిమిది, ఇంజను నాలుగు చక్రాలనీ తిప్పే పెద్దది. ఏదైనా నడిపి చూసుకోవచ్చు, తొందరేమీ లేదన్నాడు. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

షోరూం బండికి తొట్టి తగిలించే కొక్కెం ఉండదు. మా కొట్టు పక్కనున్న వెల్డింగు మేస్త్రి చేత, ఏ బండికైనా బోల్టులతో బిగించి మళ్ళీ విప్పేసేలా ఒక కొక్కెం చేయించాను. ప్రతి బండికీ దాన్ని బిగించడం, పెళ్ళిచూపులకి వచ్చినవాడికి బాసికం కట్టి చూసినట్టుండేది.

ముందు చిన్న బండి వచ్చింది. కొండ మీద నుంచి తొట్టిని కిందికి దింపి, మళ్ళీ పైకెక్కించి చూడాలని ఒప్పందం. తీరా చూస్తే తొట్టి మీద మిషను చుట్టూ చింతపండు బుట్టలు ఉన్నాయి.

"ఇవేటమ్మా?" అన్నాడు టైబావు.

"బరువుండాల గదా నాయినా. కాళీగా లాగితే బండి సత్తువ ఎలగ తెలుత్తాది?"

నిజమే కదా అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. బండి కిందికి దిగింది. అప్ప దాన్ని తిన్నగా సంతలోకి తోలించింది. ఆడవాళ్ళు చింతపండు దింపుకుని అమ్మకానికి కూర్చున్నారు. సాయంత్రం ఉప్పు, ఎండుచేపలు, ఒక ఇనప మంచం తొట్టిలోకి ఎక్కాయి. సగం కొండ ఎక్కేసరికి చిన్న బండి క్లచ్చు కాలిన వాసన కొట్టింది. అప్ప దిగి, వెనక్కి పోయి, వాసన చూసి, "అన్నం అడుగంటింది" అంది. అంతే, సంబంధం తప్పిపోయింది.

అయినా మరోసారి చూద్దామని చెప్పి పంపించింది. ఆ మరోసారి కొండచీపుర్లు దిగాయి. ఇంకోసారి పసుపు దిగింది. "ఒకపాలి సూసి నమ్మేత్తామేటి? ఎండలో సూడాల, మంచులో సూడాల" అనేది. అరకు బస్టాండంతా నవ్వుతోంది, నాకు తప్ప అందరికీ తెలిసిపోయింది. టైబావుకి కూడా తెలిసిందేమో, సంతరోజు ఉదయమే వచ్చి మర్యాదగా బుట్టలు ఎక్కించేవాడు. కొనేవాళ్ళు దొరకడం అతనికి ఎంత అవసరమో నాకు తెలియదుగానీ, ఆమె రాగులతో కాచి పెట్టే చోడి అంబలి మాత్రం అతనికి బాగా అలవాటైంది.

ఆఖరికి నాకూ తెలిసింది. ఒకరోజు ఊరుకోలేక గట్టిగా అన్నాను. "అప్పా, ఇది మోసం. కొంటావా, కొనవా? పంట దగ్గరికొస్తే మిషను పట్టుకుపోతారు. అప్పుడు చీపుర్లు తోలుకుంటావా దాంతో?"

చుట్ట ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి తిరిగింది.

"కాపీ ఇంకా పూవైనా రానేదు. పండయ్యే ఏలకి బండుంటాది. నువ్వు బెంగెట్టుకోకు" అంది. కానీ ఆ రోజు బంపరు మీద కూర్చున్నప్పుడు ఆమె "ఊపిరుంది" అనలేదు, "మొండిది" అనలేదు. లేచి ఇంకోసారి కూర్చుంది. మాట పడ్డ మనిషి భయం కూడా పడుతుందని అప్పుడు తెలిసింది నాకు. ఏ బండి తీసుకుంటే తిరుగుతుందో ఆమెకి నిజంగానే తెలియడం లేదు. తెలియదని చెప్పడం ఇష్టం లేక సంతకి తిప్పుతోంది.

నా ఓటు పెద్ద బండికే. నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పుతుంది, బరువైన బండి, తొట్టి ఎంత గింజుకున్నా దాన్ని కదపలేదు. ఇది నేను చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాను. పెద్ద బండి వచ్చింది. కొండెక్కుతుంటే తొట్టి వెనక ఉన్నట్టే లేదు. నేను గర్వంగా అప్ప వంక చూశాను. ఊళ్ళోకి వెళ్ళే మలుపులో ఆ ఊరి అమ్మవారి రాయి ఉంది. బండి ఆ మలుపు దగ్గర ఆగిపోయింది. ముందుకి పోతే రాయి, వెనక్కి పోతే తొట్టి అడ్డం తిరిగింది. ఎంత తిప్పినా బండి పొడుగు ఆ మలుపులో పట్టలేదు.

"రాయి కాస్త పక్కకి జరిపించుకుంటే సరిపోతుందమ్మా. క్రేను నేను మాట్లాడతా" అన్నాడు టైబావు, మంచి మనసుతోనే.

ఊరంతా అతని వంక గుడ్లురిమి చూసింది. అప్ప మాత్రం నవ్వింది. "కొత్తల్లుడొత్తన్నాడని అత్తని వీధిలో పెడతారేటి నాయినా?"

తొట్టి విప్పేశాక పెద్ద బండి అలాగే వెనక్కి వెనక్కి దిగిపోయింది. ఇప్పటికీ నేనంటాను: రాయిని కాదు, రోడ్డుని ఒక్క మూరెడు వెడల్పు చేసి ఉంటే ఆ బండే సరైనది. నా మాట ఎవరు విన్నారు గనక.

ఇక మిగిలింది నడిమి బండి. అది వచ్చినది చైత్రంలో, సరిగ్గా ఇటుకల పండగ రోజుల్లో. ఆ పండగకి మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు కట్టి, వచ్చేపోయే బళ్ళని ఆపి చందా అడుగుతారు. ఇవ్వకపోతే ఆడిస్తారు, పాడిస్తారు, ఏడిపిస్తారు. ఆ రోజుల్లో కొత్తవాడెవడూ మా రోడ్ల మీద బండి తియ్యడు. అప్ప తీయించింది. తొట్టి మీద మిషను ఉంది, డ్రమ్ము నిండా నీళ్ళున్నాయి, చింతపండు ఆఖరి బుట్టలు కూడా ఉన్నాయి.

టైబావు నడుపుతున్నాడు, మధ్యలో అప్ప, ఇవతల నేను. దిగుడులో పడ్డాం. నేను టైబావుని నిలదీశాను. "టన్నుల సోది వద్దు. వెనకాల ఎంత ఈడుస్తుందో ఆ లెక్క చెప్పు."

"రెండు లెక్కలుంటాయి సార్. అన్‌బ్రేక్డ్ ట్రైలర్ అయితే తక్కువ, బ్రేక్డ్ ట్రైలర్ అయితే ఎక్కువ."

నేను మళ్ళీ చెప్పించుకున్నాను. మళ్ళీ అదే చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"విన్నావా అప్పా! విరగని తొట్టినైతే తక్కువ లాగుతుందట, విరిగిన తొట్టినైతే ఎక్కువ లాగుతుందట! ఇదీ కంపెనీ లెక్క! బాగున్నదాన్ని లాగలేనివాడు విరిగినదాన్ని ఎలా లాగుతాడయ్యా? ఎవరికి చెబుతావు ఈ కథలు?"

"సార్, అది విరగడం కాదు సార్..."

"బ్రేక్ అంటే విరగడం కాదా? గ్లాసు బ్రేక్ అయిందంటే ఏమిటి? బేరింగు బ్రేక్ అయిందంటే ఏమిటి? ముప్పయ్యేళ్ళు అమ్మానయ్యా నేను!"

"ఇరిగిందైతే తేలిగ్గా ఉంటాదేమో బావూ, సగం పడిపోతాది గదా" అంది అప్ప, నాకు సాయం చేస్తున్నాననుకుని.

ఈ గొడవలో ఉండగానే బండి మలుపు తిరిగింది. ఎదురుగా వెదురుబొంగు. దాని వెనక ఆడవాళ్ళ గుంపు, డప్పు, పాట. టైబావు బ్రేకు తొక్కాడు. మెల్లగానే వస్తున్నాం, బండి బుద్ధిగా ఆగబోయింది. కానీ వెనకాల తొట్టి ఆగలేదు. వీపు మీద ఎవరో అరచెయ్యి పెట్టి నెట్టినట్టు మమ్మల్ని ముందుకి తోసింది. చక్రాలు బిగుసుకుని కూడా బండి జారుతోంది. వెదురుబొంగు ఫట్‌మంది. ఆడవాళ్ళు కెవ్వుమని రెండుపక్కలకీ చెదిరారు. తొట్టి పక్కకి తిరిగి గట్టుని గుద్దుకుంది. అప్పుడు ఆగాం. డ్రమ్ములో నీళ్ళు లేచి వచ్చి, పక్క గట్టెక్కి తప్పించుకున్నవాళ్ళని కూడా తడిపేశాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదని తేలేదాకా ఒకరినొకరు తడిమి చూసుకున్నారు. తరవాత అందరూ ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు. గుంపులో ముందున్నది అప్పకి వదిన, పక్క ఊరావిడ. తల మీద నుంచి నీళ్ళు కారుతుండగా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఓలమ్మా, వదినా! మా గేటు ఇరగ్గొట్టేసినావు! నీ బండికి బ్రేకు నేదేటే?"

అప్ప దిగింది. అలవాటుగా వెనక్కి నడిచింది. ముందు బండి చక్రాలు చూసింది. నేల మీద అవి ఈడ్చుకుపోయిన నల్లటి చార చూసింది. తరవాత తొట్టి చక్రాలు చూసింది. వాటి కింద చార లేదు. హాయిగా దొర్లుకుంటూ వచ్చాయి అవి.

"బండికుందే వదినా. బండి ఆగింది. తొట్టికి నేదు" అంది.

అని, అక్కడే ఆగిపోయింది. చుట్ట ఒకసారి తిరిగింది. నా వైపు చూసింది.

"బావూ, ఆ టైబావు ఏటన్నాడు? బ్రేకున్న తొట్టి, బ్రేకు నేని తొట్టి అన్నాడు గదా?"

"బ్రేక్ అయిన తొట్టి అన్నాడు."

"బ్రేకంటే ఇరగడం ఏటి బావూ. బ్రేకంటే బ్రేకే గదా." కాలితో తొక్కినట్టు చూపించింది. "మనకి బ్రేకంటే ఒకటే. నీకు ఇంగిలీసొచ్చు గాబట్టి రెండొచ్చినాయి."

"అదేనమ్మా! నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే!" అన్నాడు టైబావు, స్టీరింగు మీద తల ఆనించి, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో.

నేను ఇప్పుడు కూడా అడుగుతున్నాను. ఒక ప్రాణాన్ని కాపాడే వస్తువుకీ, దాన్ని ముక్కలు చేసే పనికీ ఒకే చప్పుడు పెట్టిన భాషది తప్పా, విన్నవాడిది తప్పా? రాతలో తేడా ఉందని ఎవరో చదువుకున్నాయన తరవాత నాకు చెప్పాడు. కొండ దిగుతూ ఎవరైనా రాసుకుంటూ మాట్లాడతారా?

అప్ప ఈ వాదన వినలేదు. తొట్టి చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది. అన్ని నెలల్లో ఆ మొహంలో నేను మొదటిసారి తేలిక చూశాను. చిన్నదా, నడిమిదా, పెద్దదా అని ఊరూ నేనూ టైబావూ కొట్టుకుంటున్నాం. ఆమె వెనక చూస్తూనే ఉంది గానీ, వెనకకి వెనక ఇంకొకటుందని ఆమెకీ తట్టలేదు. బండి వెనకభాగం దగ్గరే ఆగిపోయింది ఆ చూపు.

"ఎక్కించినప్పుడు మనం తొట్టిని లాగుతాం. దింపినప్పుడు అది మనల్ని తోత్తాది. తోసేదానికి బుద్దుండాల గానీ, తోయించుకునేదానికి ఎంత బలముంటే ఏటి?" అంది. "ఈ బండే. తొట్టికి బ్రేకెట్టించీ బావూ, బేగి."

కానీ గేటు విరగ్గొట్టినందుకు శిక్ష ఉంటుంది కదా. వదిన వదల్లేదు. ఒక చింతపండు బుట్ట లాక్కుంది. పైగా ముగ్గురూ ధింసా ఆడాల్సిందేనంది. నడుం మీద చేతులు వేసి వరసలో నిలబెట్టారు. నిప్పు నోట్లో పెట్టుకునే ఆడింది అప్ప. టైబావు టై విప్పి తలకి కట్టుకున్నాడు. పలుపు తెంచుకున్నాడని ఒకటే గోల. నేను ఎలా ఆడానో చెప్పను.

మా వెల్డింగు మేస్త్రి, కొక్కేనికి తగిలించే తొట్టి మూతి దగ్గర ఒక ఏర్పాటు చేశాడు. ముందు బండి ఆగితే తొట్టి వచ్చి దాన్ని నొక్కుతుంది, ఆ నొక్కుడుకే తొట్టి చక్రాలకి బ్రేకు పడుతుంది. ఎంత తోస్తే అంత తనే ఆగుతుంది. అప్ప దాన్ని చూసి, "మా ఆయనకి ఇలాటిదొకటి పెట్టించలేకపోనాను" అంది.

ఆ పంటకి మిషను తిరిగింది. కొండ మీద ఊరూరా ఆగి, కోసిన పళ్ళకి కోసిన పూటే తొక్క తీసింది. షావుకారు గోనె మూతి విప్పి, ముక్కు మూసుకోబోయి, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బుర్ర గోక్కున్నాడట. ఇది అప్ప చెప్పిన మాట. ఆమె చెప్పిన వాటిలో సగం నమ్మాలి. నేను ఇది పూర్తిగా నమ్మాను. కోడి మాత్రం మిషనుని క్షమించలేదు. కొన్నాళ్ళు తొట్టి వెనకాలే ఊరి పొలిమేరదాకా పరిగెత్తేది.

పోయిన వానల్లో అప్పకి జ్వరం వచ్చింది. ఊపిరి ఆగాక ఆసుపత్రి నుంచి ఆమెని ఆ బండిలోనే పైకి తెచ్చారు. నేనూ వెళ్ళాను. అమ్మవారి రాయి మలుపు దగ్గర బండి మెల్లగా ఆగింది. ఎవరూ చెప్పకుండానే అందరూ దిగి, బండి వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఆ పూట తొట్టి కట్టలేదు. అయినా అందరూ వెనక్కే వచ్చారు, అలవాటు.

మొన్న సంతలో ఆ గూడెం కొత్తవీధి మనిషి, పాపం, నేనేమంటానా అని ఇంకా నిలబడే ఉన్నాడు. నేను బంపరు మీద దబ్బున కూలబడ్డాను. బండి దిగింది, లేచింది. నా మోకాళ్ళు లేవడానికి ఇంకాస్త సమయం పట్టింది.

"ఊఁ, ఊపిరుంది" అన్నాను.

"అయితే ఒకటిన్నర టన్నుది సాలతాదంటావా తాతా?"

"టన్నులు తరవాత. ముందు ఇది చెప్పు. నీ తొట్టి బ్రేక్డా, అన్‌బ్రేక్డా?"

అతనికి కోపం వచ్చింది. "బ్రేకవ్వడం ఏటి తాతా! కొత్త తొట్టి! నిన్నగాక మొన్న చేయించినాను, ఎక్కడా ఇరగనేదు!"

విన్నావా అప్పా, అందామని పక్కకి తిరిగాను. ఉల్లిపాయల బేరం చేసుకుంటున్న ఆవిడ ఎవరో నా వంక వింతగా చూసింది.